చివరి కాగితం లేని పోల్కా

"పోల్కా పూర్తయిందా?" అన్నాడు మా ఆయన అలోయిస్.

"పోలికా? ఇంకెవరి పోలిక, అచ్చం నీ పోలికేరా నాయనా!" అంది చెవులు సరిగా వినపడని మా అత్తగారు.

కన్నది నేను, పోలిక ఆయనది. మా ఇంట్లో అన్నిటికీ అంతే.

దూడమాంసం ముక్కల్ని కొయ్య సుత్తితో పలచగా కొడుతుంటే పుట్టిన గంతుల నాట్యపు వరస, ఆ పోల్కా. టకటక టమ్, టకటక టమ్. పిండి చేతులతోనే రాసేసుకున్నాను. పంతొమ్మిదేళ్లుగా వరస నాది, వయొలిన్ ఆయనది. మా వియన్నాలో నాట్యాలకి వాయించేటప్పుడు అన్ని వాయిద్యాల స్వరాలూ ఒకచోట రాసిన ప్రతి పెట్టుకోరు. నాయకుడు వయొలిన్ వాయిస్తూ తన కాగితంతోనే అందర్నీ నడిపిస్తాడు. ఆయనతో కలిపి బృందంలో ఇరవైమంది కాగితాలూ విడివిడిగా రాసి, దారంతో కుట్టేది నేను. "కూర్చుని కాపీ చేయడమేగా పోల్డీ," అంటాడాయన. కూర్చుని! ఆ కుర్చీ నా మొహం ఎరుగుదునంటుందో లేదో.

ఈసారి మాత్రం మాటిచ్చాడు. "దీనికి నీ పేరే. లియోపోల్డీన్ పోల్కా. సరేనా?" నలభై ఆరేళ్ల మనిషిని, ఆ సంబరంలో వరస ముగింపులో ఆరు స్వరాల గంతులు అదనంగా రాశాను.

ఆదివారం పొద్దున సాధన బాగానే సాగింది. మధ్యాహ్నం అచ్చాఫీసు నుంచి పోల్కా పుస్తకానికి అట్ట నమూనా వచ్చింది. గులాబీల చుట్టులో 'థెక్లా పోల్కా, రచన అలోయిస్'. థెక్లా, రెండు నెలల కిందట బృందంలో చేరిన పాటగత్తె.

"నీ పేరు పలకడానికి జనానికి నోరు తిరగదు," అన్నాడు, అద్దంలో మీసం దువ్వుకుంటూ, నా వైపు తిరక్కుండానే. "ఇంటిమనిషివి. సర్దుకోవాలి."

సర్దాను. ఆయన చొక్కా, వయొలిన్, ఇరవై కట్టలు. ప్రతి కట్టకీ కుట్టు విప్పి, చివరి కాగితం తీసి, నా చేతిసంచీలో సర్దాను.

నాలుగింటికి ప్రాటెర్ తోటలో, కాఫీ బల్లల మధ్య పోల్కా పరుగందుకుంది. నా గంతుల దగ్గరికొచ్చేసరికి ఇరవైమందీ ఒకేసారి కాగితం తిప్పారు. అంతే, చప్పుడు లేదు. ఒక జంట ఒంటికాలి మీదే నిలబడిపోయింది.

"మాస్టారూ, నాది అయిపోయింది!" అన్నాడు క్లారినెట్ వెంజెల్.

"నాదీ!" "నాదీ!"

అలోయిస్ ధీమాగా కమాను ఎత్తాడు. రెండు స్వరాలు పలికాయి. మూడోది రాలేదు.

"క్షమించండి. మా ఆవిడ మతిమరుపు," అన్నాడు జనంతో నవ్వుతూ. ముందు బల్ల దగ్గర కూర్చున్న నాతో మాత్రం పళ్లు బిగించి, "ఎక్కడ పారేశావే?" అన్నాడు.

లేచాను. సంచీ తెరిచాను. నా గొంతు మామూలుగానే డప్పు. ఆరోజు తోట చివరిదాకా మోగింది.

"ఏదీ పోలేదు. ఇరవై కాగితాలూ నేనే తీశాను, ఇవిగో. ఈ పోల్కా రాసింది నేను. కాగితం లేకపోతే మా ఆయన ఎక్కడ ఆగిపోతాడో మీరే చూశారు. నా పేరు లియోపోల్డీన్. మిగతాది కావాలంటే నన్ను ఆ పేరు పెట్టి పిలవండి."