నలభై ఒకటో చెట్టు

కొబ్బరి మాను సగం ఎక్కాక సుబ్బరాయలు ఎప్పటిలాగే ఆగి, చెంపను చెట్టుకు ఆనించాడు. అలుపు తీర్చుకోవడానికి కాదని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చెప్పుకుంటూ వచ్చాడు. ఈమధ్య మాత్రం దానికే. రెండు పాదాల మధ్య పీచుతాడు బిగుసుకుని ఉంది. పాదాలు లోపలికి తిరిగి, పట్టకారులా మానును కరిచి పట్టుకున్నాయి. నేలమీద నడిచేటప్పుడు అవి వంకరగా పడతాయి. చెట్టుమీద మాత్రం కుదురుగా ఉంటాయి. ఛాతీ మీద ఒక్క వెంట్రుక లేదు. మాను రాసుకుని రాసుకుని అక్కడి చర్మం పాత చెప్పు అట్టలా నున్నబడింది.

మిగిలిన సగం ఎక్కాడు. మట్టల మధ్య ఒదిగి కూర్చుని, పూగెలకు తొడిగిన గుడ్డసంచి మూతి విప్పాడు. ఆ చెట్టు పుప్పొడే దానికి అంటకుండా మగపూలన్నీ మూడు వారాల కిందటే తానే గిల్లేశాడు. రేగుపండంత ఆడపూలు మాత్రం మిగిలాయి. వాటి కొసల్లో తేనెబొట్టు మెరుస్తోంది. మొలకు కట్టుకున్న సీసా తీసి ఒక్కో పువ్వు మీదా పుస్సుమని పుప్పొడి కొట్టాడు. అది పొట్టి చెట్టు పుప్పొడి, ముఖానికి రాసుకునే పౌడరులో కలిపింది. ఈ పని మొదలైన కొత్తలో ఆ వాసనతో ఇంటికి వెళితే భార్య కనగం వారంపాటు మాట్లాడలేదు. "చెట్టెక్కేవానికి పౌడరేందయ్యా, పైన ఎవురుండారు?" అని ఎనిమిదో రోజున అడిగింది.

సంచి కట్టేసి కిందికి చూశాడు. తేంగాయితిట్టు రేవులో చేపల వేలం అరుపులు గాలికి వచ్చి పోతున్నాయి. అతని చూపు అటు పోలేదు. తోట మూలన, నడుమెత్తు ముళ్ళకంప మధ్య ఒక పొట్టి చెట్టు కూర్చుని ఉంది. పైనుంచి చూస్తే ఆరబెట్టిన పచ్చచాపలా ఉంది. అదే నలభై ఒకటో నంబరు.

ఈ కొబ్బరి పరిశోధన తోటలో సుబ్బరాయలు ఉద్యోగానికి ఇవాళ ఆఖరి రోజు. ఆ చెట్టుకూ ఆఖరి రోజు కావచ్చు. దాని కాయలో సరుకు లేదని తేలితే సోమవారం యంత్రం వచ్చి ఆ మడి మొత్తం పెకలిస్తుంది. అక్కడ ఎరువుల షెడ్డు కడతారు. కాగితం తయారుగా ఉంది. తోట అధికారి రఘునాథన్ సంతకమే తరువాయి.

సంగతి చెప్పుకోవాలంటే పద్దెనిమిదేళ్ళు వెనక్కి పోవాలి. పొడుగు కొబ్బరికి కండ మందం, నూనె పుష్కలం. కానీ కోయాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఎక్కాలి. పొట్టి కొబ్బరిని పిల్లలు కూడా కోస్తారు. కానీ దాని కొబ్బరి ఎండితే తోలులా వంగుతుంది తప్ప విరగదు, గానుగవాడు ముట్టడు. పొట్టి ఒళ్ళు, పొడుగుదాని కాయ ఒకే చెట్టులో రావాలని ఈ తోటలో పని మొదలుపెట్టారు. చదువుకున్నవాళ్ళు కాగితం మీద కలిపారు. ముప్ఫై అడుగుల ఎత్తున కలిపింది సుబ్బరాయలు.

మొదటి సంతానం అంతా పొడుగ్గానే లేచింది. తోటలో అందరూ నవ్వారు. సుబ్బరాయలు నవ్వలేదు. వాళ్ళవ్వ పొట్టి, వాళ్ళమ్మ తాటిమాను, తను మళ్ళీ పొట్టి. "పొట్టితనం యాడికీ పోలే. లోపల నక్కి ఉంది" అన్నాడు. అప్పటి అధికారి, మనుషుల లెక్క వేరే అని నవ్వినా, ఆ చెట్లకు వాటి పుప్పొడే కొట్టించాడు. ఆ కాయలు నాటితే అరవై మొక్కల్లో పద్నాలుగు పొట్టివి వచ్చాయి. ఆ రోజు సుబ్బరాయలు కోసపాళయం దాకా సైకిలు తొక్కుకుంటూ పోయి తోటలో అందరికీ జిలేబీ తెచ్చాడు.

ఆ తర్వాత ఏళ్ళు మాత్రం చేదు. పద్నాలుగింటిలో పదమూడు చెట్ల కొబ్బరి ఎండబెడితే తోలే. అన్నిటికన్నా ఆలస్యంగా కాపుకొచ్చింది నలభై ఒకటి. దాని తొలిగెల పోయినేడు అందంగా వేలాడింది, చేతికందేంత ఎత్తులో. రఘునాథన్ సారు చుట్టాలు తోట చూడవచ్చి, కోసి, లేతనీళ్ళు తాగి, బొండాలు అక్కడే పారేసి పోయారు. అప్పుడు తెలిసింది సుబ్బరాయలుకు: పొడుగు చెట్టుకు దాని ఎత్తే కాపలా, పొట్టి చెట్టుకు మనిషే కాపలా. రెండో గెల వేయగానే ముళ్ళకంప కట్టాడు. 'మందు కొట్టింది, తాగితే చస్తారు' అని ఆ ఊరి భాష అరవంలో బోర్డు రాయించి తగిలించాడు. మందూ లేదు, మాకూ లేదు. పదకొండు నెలలు ఆ అబద్ధమే ఎనిమిది కాయల్ని కాపాడింది.

చెట్టు దిగేసరికి కవిప్రియ కింద నిలబడి ఉంది. నెల్లితోపు పిల్ల, రెండేళ్ళుగా ఈ మడి చూస్తున్న శాస్త్రవేత్త. ఇంట్లో తెలుగే కాబట్టి అతన్ని మామా అంటుంది.

"దిగినావా? నాలుగు కాయలు కోసి ఆరబెట్టినాం గదా. ఎండినాయి. సారొచ్చి కూచోనుండారు."

"చూసినావా నువ్వు?"

"చూడలే. నువ్వే విరిచేది మామా. నాకు చెయ్యి ఆడలేదు."

తోట ఆఫీసు అరుగు మీద బల్ల. బల్ల మీద ఎండుకొబ్బరి చిప్పలు, వాటి పక్కన ఆ కాగితం. రఘునాథన్ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు, పదమూడుసార్లు తోలు చూసి విసిగినవాడు.

"ఏం సుబ్బరాయలూ, ఇదీ వంగితే నన్ను తిట్టుకోవు గదా?"

"తిట్టుకుంటా సార్. ఇంటికి పోయినాక."

సుబ్బరాయలు చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఒక చిప్ప తీసుకుని రెండు బొటనవేళ్ళూ మధ్యలో ఆనించాడు. మెల్లగా ఒత్తాడు. చిప్ప అంచు కొంచెం కదిలింది. వంగినట్టే అనిపించింది. కవిప్రియ తల పక్కకు తిప్పుకుంది. అతను వేళ్ళు తీయలేదు. చెట్టు మీద తాడు బిగించినట్టు ఇంకొంచెం బిగించాడు.

ఠప్.

చిన్న చప్పుడే. గానుగ ముందు పెరిగినవాడికి ఆ చప్పుడు చాలు. విరిగిన చోట తెల్లగా, మందంగా, చెమట పట్టినట్టు నూనె.

"ఒక్కటి చాలదు" అన్నాడు రఘునాథన్.

రెండోది. ఠప్. మూడోది. నాలుగోది రఘునాథనే లాక్కుని విరిచాడు. ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"పోయినేడు మా వాళ్ళు తాగిన కాయలు ఈ చెట్టువేనా?"

"ఆమా సార్. నీళ్ళు బాగుండాయి అన్నారు."

రఘునాథన్ నవ్వలేక నవ్వాడు. నూనె వేళ్ళతోనే కాగితం ఎత్తి నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "షెడ్డు రోడ్డు పక్కన కట్టుకుందాం. ఈ మడి జోలికి ఎవరూ పోవద్దు. పాపా, మిగతా నాలుగు కాయలూ విత్తనానికి." కవిప్రియ తలూపింది. కళ్ళు తుడుచుకోవడానికి ఆమెకు పౌడరు అంటిన సుబ్బరాయలు తువ్వాలే దొరికింది.

మధ్యాహ్నం కనగం కూటిడబ్బాతో వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె తోటలోకి రావడం ఇది మూడోసారి. అతను చెట్టు మీద ఉంటే తల ఎత్తి చూసేది కాదు ఆమె. చూస్తే పడతాడని భయం. సుబ్బరాయలు ముళ్ళకంప లాగి పక్కన పడేశాడు, బోర్డు ఊడబీకాడు.

"రా మే. కోయి."

"నేనా? నాకేం తెలుసు?"

"నిలబడి తిప్పు. అంతే."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. చెట్టు మాను ఆమె మోకాలి ఎత్తు కూడా లేదు. గెల సరిగ్గా నడుము దగ్గర ఉంది, సంకకెత్తుకోమని అడిగే బిడ్డలా. ఒక కాయను రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. ఊడి చేతుల్లోకి వచ్చింది. కాసేపు దాన్నే చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికా ఇన్నేళ్ళు పైకెక్కినావు?"

"దీనికే."

ఆమె పక్కున నవ్వింది. "ఎక్కేవాడే ఎక్కే పని లేకుండా చేసినాడు. నీలాంటి బుద్ధిమంతుణ్ణి నేను చూడలే." అని తిడుతూనే మిగతా మూడూ కోసింది, నాలుగోదాన్ని ఒంటిచేత్తో.

సాయంత్రం దండలూ, ఉపన్యాసాలూ లేవు. అతనే వద్దన్నాడు. రిజిస్టరులో అరవంలో సంతకం పెట్టాడు. రఘునాథన్ గేటు దాకా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. కవిప్రియ, "విత్తనం మొలకెత్తితే ఫోన్ చేస్తా మామా" అంది. "మొలిచేది నాకు తెలుసు. ఎంత ఎత్తుందో చెప్పు" అన్నాడు. కనగం సైకిలు వెనక కూర్చుంది. వంకర పాదాలు పెడళ్ళ మీద పడ్డాయి. రేవు నుంచి వచ్చే వ్యాన్ల మధ్య ఇద్దరూ కలిసిపోయారు.

నలభై ఒకటో చెట్టు మట్ట మొదట్లో, అతని పాదాల చెమటతో నల్లబడిన పీచుతాడు వేలాడుతోంది. దాని కింది కొస నేలను తాకుతోంది.