ఆరిపోయిన మీసం

ఎనిమిదేళ్లు టాబ్లెట్ మీదే బొమ్మలేసిన నా మేనకోడలు మళ్లీ కుంచె పట్టి, వాళ్లమ్మ బొమ్మ వేసింది. నాలుగింటికల్లా ప్రదర్శనకు అందించాలి. అది స్నానానికి వెళ్లగానే నా చెయ్యి ఊరుకోలేదు. నల్లరంగుతో బొమ్మలోని మా అక్కకు మెలితిరిగిన మీసం పెట్టాను.

వచ్చి చూసి కెవ్వుమంది.

“అరుస్తావేంటే? ఒక్క నొక్కు నొక్కితే పోతుందిగా!”

“ఇది టాబ్లెట్టా మామయ్యా? యాక్రిలిక్ రంగు! ఈపాటికి ఆరి చచ్చింది. బుద్ధుందా నీకు?”

“మీ అమ్మకి బాగానే నప్పిందే.”

“నోరు ముయ్యి!”

ఒంటిరంగు కలిపి మీసం మీద పూసింది. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కలిసిన రంగు, ఆరేసరికి ముదిరి మచ్చలా తేలింది.

“ఆరితే ముదురుతుందన్న సంగతే మర్చిపోయాను,” అని పళ్లు నూరి, జుట్టు ఆరబెట్టే యంత్రం నా చేతిలో కుక్కింది. “గాలి పట్టు. మాట్లాడావో, నీ మొహానికే పూస్తా.”

ఈసారి రంగు లేతగా కలిపింది. నేను గాలి పట్టాను. ఆరింది. మచ్చ కనిపించలేదు.

“చూశావా, నా పుణ్యమా అని నీ చెయ్యి తిరిగింది!” అన్నాను.

అది బొమ్మ పట్టుకుని బయటికి నడిచి, నన్ను గదిలోనే ఉంచి గొళ్లెం పెట్టింది.