మూడో పిలుపు

పళ్ళ డాక్టరు దగ్గర పేషెంట్ల పేర్లు రాసుకునే ఉద్యోగం ఆమెది. డాక్టరు ఆమెను "రైటరమ్మా" అని పిలిచేవాడు. అందులో వెటకారమెంతో మర్యాదెంతో ఆయనకే తెలియదు. పిలవగా పిలవగా అదే పేరైపోయింది. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా బుగ్గ పట్టుకుని "రైటరమ్మగారూ, ఇంకా ఎంతసేపండీ?" అని అడిగేవారు.

అప్పటికి ఆమె రెండు నవలలు రాసి తనే అచ్చు వేసుకుంది. "మీ శైలి బాగుందండీ, కానీ ఇప్పుడు ఇలాంటివి పోవడం లేదు" అన్న మాట నలుగురు పబ్లిషర్ల దగ్గర విన్నాక, ఇక ఎవరి గడపా తొక్కనని ఒట్టు పెట్టుకుంది. అప్పటినుంచి రాసేదీ ఆమే, ప్రూఫులు దిద్దేదీ ఆమే, పార్సిలు కట్టి టేపు అంటించేదీ ఆమే. మొదటి నవల చదివి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రెండు పేజీల ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇచ్చిన బలంతో రెండోది రాసింది. దానికి ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. కట్టలు విప్పని పుస్తకాలు మంచం కింద చేరి, ఊడ్చేటప్పుడల్లా చీపురుకు తగిలేవి.

ఆ తర్వాత ఎనిమిది నెలలు కలం కదలలేదు. పొద్దున్నే లేచి వంటింటి బల్ల దగ్గర కూర్చునేది. ఒక వాక్యం రాసేది, కొట్టేసేది. కొన్నాళ్ళకు కొట్టేయడానికి కూడా ఏమీ రాలేదు. క్లినిక్‌లో ఫోను ఎత్తి "వాపు తగ్గిందాండీ?" అని అడుగుతుంటే మాత్రం హాయిగా ఉండేది. ఆ మాటలు కల్పించనక్కర్లేదు.

ఆమెకున్నది ఒక్క అక్క, పదేళ్ళు పెద్దది. బట్టలు కుడుతుంది. అమ్మ మంచాన పడ్డ రెండేళ్ళూ అక్కే చూసుకుంది. ముందు గదిలో మిషను, వెనక గదిలో అమ్మ. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. చెల్లెలి పుస్తకాలు అక్క ఎన్నడూ తెరవలేదు. "దారం ఎక్కించీ ఎక్కించీ కళ్ళు పోతున్నాయి, ఇంకా నీ అక్షరాలు కూడానా" అనేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం రైటరమ్మ అక్క పక్కన కూర్చుని గుండీలు కుడుతోంది. అక్క ఒక చొక్కా కాలరు తిప్పి చూస్తూ మిషను ఆపేసింది.

"చిన్నదానా, నీకో మాట చెప్పాలే. చిన్నప్పట్నుంచీ నీ నోట్లో నువ్వుగింజ నానదు. అయినా నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పను."

"చెప్పక్కా."

"అమ్మ నిద్దట్లో పోయిందని అందరికీ చెప్పాను కదా. నిద్దట్లో కాదు. మంచినీళ్ళు అడిగింది. నాకు వినబడింది. కాలరు సగంలో ఉంది, ఆపితే వంకర పోతుంది. ఇదయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. మళ్ళీ పిలిచింది. వస్తున్నానమ్మా అని కూడా అనలేదు, విసుగొచ్చి. కాలరు పూర్తి చేసి, దారం తెంపి, గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి లేదు."

చెల్లెలు సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"రెండుసార్లే పిలిచిందే" అంది అక్క. "మూడోసారి పిలిచుంటే లేచేదాన్ని."

రైటరమ్మ అక్కను పట్టుకుని ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు. కానీ అక్క భుజం మీద మొహం ఆనించి ఉండగానే ఆమెకు ఒక వాక్యం తట్టింది. ఎనిమిది నెలల్లో మొదటి వాక్యం. సిగ్గుతో చచ్చిపోయింది. అయినా ఇంటికి వెళ్ళే దారి పొడుగునా, మర్చిపోకుండా, దాన్ని గొణుక్కుంటూనే నడిచింది.

నాలుగు నెలల్లో నవల పూర్తయింది. కుట్టుమిషను తీసి టైపుమిషను పెట్టింది. అమ్మను అత్తగారిని చేసింది. ఇక ఎవరు పోల్చుకుంటారులే అనుకుంది. ఆ ఘట్టం మాత్రం పదకొండుసార్లు తిరగరాసింది. రెండు పిలుపులతో వాక్యం కుంటుతోంది. మూడోది వేయగానే లేచి నడిచింది. అక్క అన్న మాట గుర్తు లేకపోలేదు. ఇది నవల కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఈసారి పుస్తకం నోటా నోటా పాకింది. గ్రంథాలయం హాల్లో పాఠకులు సభ పెట్టారు. తన పుస్తకం కోసం కుర్చీలు చాలక బెంచీలు తేవడం చూస్తానని రైటరమ్మ అనుకోలేదు. అక్కకు చెప్పలేదు. అయితే ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వెళ్ళిన డాక్టరు, "మీ చెల్లెలికి సభ అమ్మా, మీరు రాకపోతే ఎలా" అని తనే పిలిచి వచ్చాడు.

సభలో ఒక రిటైర్డు మాస్టారు ఆ ఘట్టం చదివారు. చదివి కళ్ళజోడు తీశారు.

"మొదటి పిలుపు వినబడలేదనుకుందాం. రెండోది, పాపం, పనిలో ఉందనుకుందాం. మూడో పిలుపుకు కూడా కదలని మనిషిని ఏమనాలండీ? నేనైతే క్షమించలేకపోయాను. అలాంటి దానిమీద కూడా మనకు జాలి పుట్టించారు. అదీ రచన అంటే."

చప్పట్లు మోగాయి. ఎవరో లేచి "ఇంత కఠినమైన సంగతి ఎలా ఊహించగలిగారండీ?" అని అడిగారు. మైకు అందుకుంటూ రైటరమ్మ తలెత్తి చూస్తే, చివరి వరసలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని అక్క.

మైకు చేతిలో ఉంది. అందరూ తనవైపే చూస్తున్నారు.

"ఊహే కదండీ" అంది.

మళ్ళీ చప్పట్లు.

సభ అయ్యేదాకా అక్క మెట్ల దగ్గర నిలబడే ఉంది. ఇద్దరూ కలిసి నడిచారు.

"మిషను మార్చావు. అత్తగారన్నావు. బానే దాచావు" అంది అక్క.

"అక్కా, నేను..."

"మూడోసారి ఎందుకు పిలిపించావే?"

"కథకి అలా అయితే బాగుంటుందని."

"ఎవరికి బాగుంటుందని?"

మలుపు రాగానే అక్క తన దారిన వెళ్ళిపోయింది.

రైటరమ్మ మర్నాడే పుస్తకం అమ్మకం ఆపేసింది. తన పుస్తకానికి తనే రాజు, తనే మంత్రి, అడిగేవాడు లేడు. మూడో పిలుపు తీసేసి మళ్ళీ అచ్చు వేయించింది. సభలో చదివిన మాస్టారు ఫోను చేసి, "అదేమిటమ్మా, ప్రాణం లాంటి ముక్క కోసేశారు" అన్నారు. ఆయన అన్నది నిజమే. వాక్యం మళ్ళీ కుంటుతోంది. అయినా కొత్త అచ్చులో మొదటి ప్రతి తీసుకెళ్ళి అక్క మిషను మీద పెట్టింది.

"దిద్దానక్కా. రెండుసార్లే."

అక్క పుస్తకాన్ని పక్కకు జరిపి, దాని కింద ఇరుక్కున్న గుడ్డ లాక్కుంది.

"ఇప్పుడు దిద్దితే ఏం లాభమే. తొమ్మిదేళ్ళు ఆ రెండూ పట్టుకుని బతికాను. ఇప్పుడు ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా మూడే వినిపిస్తున్నాయి. నిజంగానే పిలిచిందేమో, నేనే విననట్టు ఊరుకున్నానేమో అనిపిస్తోంది."

"లేదక్కా. అది నేను కల్పించింది."

"నువ్వు కల్పించావని నాకు తెలుసు. నా చెవులకి ఎవరు చెప్తారు?"

అక్క తిట్టలేదు, రావద్దనలేదు.

పాత అచ్చు ప్రతుల కోసం ఇప్పటికీ ఫోన్లు వస్తాయి. ఎవరో ఎవరికో చెప్పగా, మూడు పిలుపులున్నదే కావాలంటారు. లేవని చెబుతుంది. మంచం కింద ఉన్నాయి. పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుంటుంది. మంచి వాక్యం ఏదైనా తడితే, ఇది ఎవరిదో అని ముందు భయమేస్తుంది.

ఆదివారాలు మాత్రం మానలేదు. అక్క కుర్చీ జరుపుతుంది, గుండీల డబ్బా చేతికిస్తుంది, మోకాళ్ళ నొప్పుల గురించి, రంగు వెలిసే గుడ్డల గురించి మాట్లాడుతుంది. మాటల మధ్య ఎప్పుడైనా నిశ్శబ్దం కాస్త ఎక్కువసేపు నిలిస్తే, చెల్లెలు తలెత్తేలోపే మిషను తొక్కడం మొదలుపెడుతుంది.