హాల్యా విన్న చప్పుడు

హాల్యా చీజ్ ముక్కలు కోస్తోంది. కుడి చెవిలో ఇయర్‌ఫోన్, అందులో పాఠం కోసం రికార్డు చేసిన ఎవరిదో గుండె లబ్ డబ్, లబ్ డబ్ అని కొట్టుకుంటోంది. ఎడమ చెవిలో కాబోయే అత్తగారు ఒరీసియా.

"అంత లావా? ఒక్కో ముక్కా ఇటుకంత ఉంది. వచ్చే జనానికి చాలొద్దూ?"

"సన్నగానే కోస్తున్నా ఆంటీ."

"నాకు కళ్ళున్నాయిలే."

హాల్యా పళ్ళు బిగించి కత్తి మళ్ళీ తీసుకుంది. చర్చి హాలు వంటగది కిటికీ అవతల మార్చి నెల మంచు మురికి కుప్పలుగా పడి ఉంది. ఈ రాత్రికే హాల్యాకూ, ఒరీసియా కొడుకు బోగ్దాన్‌కూ సోషల్. పెళ్ళికి ముందు టికెట్లమ్మి ఊరందరినీ పిలిచి, తాగించి, ఆడించి, వచ్చిన దాంతో పెళ్ళి చేసుకోవడం కెనడాలోని ఈ విన్నిపెగ్‌లో అందరూ చేసేదే. చేసుకోకపోతేనే ఏమైందని అడుగుతారు. పాటలు బాగాలేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు గాని, ఆట మధ్యలో వడ్డించే రై రొట్టె, సలామీ, చీజ్, ఊరేసిన దోసకాయ తక్కువైతే ఒరీసియా పరువు గంగలో కలిసినట్టే.

సోమవారం హాల్యాకు పరీక్ష. ఈ సంగతి పట్టినవాడు ఈ హాల్లో ఒక్కడూ లేడు.

మెడికల్ కాలేజీలో మొదటి ఏడు. పుస్తకాలు బాగానే చదువుతుంది. మెరిక కాదు, మొద్దూ కాదు. కానీ గుండె పరీక్షించి చూపించమన్న ప్రాక్టికల్‌లో తప్పింది. తోటివాళ్ళందరికీ స్టెతస్కోపులో ఏవేవో చప్పుళ్ళు వినిపిస్తాయి. ఆమెకు తన చొక్కా గుండీ రాపిడి, రోగి పొట్టలో గుడగుడ. ఇది రెండో అవకాశం. ఇదీ పోతే వేసవంతా కాలేజీకే అంకితం, జూన్‌లో పెళ్ళి లేదు. ఆ తేదీకి హాలూ, ఫాదరూ, బోగ్దాన్ సెలవూ కుదిరేసరికే తల ప్రాణం తోకకొచ్చింది.

బోగ్దాన్ బీరు పెట్టెలు మోసుకుంటూ లోపలికొచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు, భుజాలు వెడల్పు, నోరు ఇంకా వెడల్పు.

"మా డాక్టరమ్మ చీజ్‌కి గుండె చూస్తోందా?"

"నువ్వు నోరు మూసుకుంటే నాకేదైనా వినిపిస్తుంది."

"చలికాలమంతా నది గడ్డకట్టి కూచుంది. ఎన్నిసార్లు స్కేటింగ్‌కి వచ్చావు? ఒక్కసారి. అదీ చేతి తొడుగులో చదువుకునే చీటీలు పెట్టుకుని."

"కింద పడ్డది నువ్వు. చీటీల్లేకుండానే."

అతను నవ్వి ఆమె మెడ మీద చల్లటి చెయ్యి పెట్టాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే చిరాకేసింది, చెవిలోని గుండె ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయింది.

బోగ్దాన్ వాళ్ళింట్లో ఆమె వైద్యమంటే అందరికీ వేళాకోళం. అందులో ఆమె తప్పూ ఉంది. కాలేజీలో ఆ వారం ఏ పాఠం నడిస్తే ఇంట్లో ఎవరో ఒకరికి ఆ జబ్బు అంటగట్టేది. థైరాయిడ్ పాఠం వచ్చినప్పుడు ఒరీసియా మెడ వాచిందంది. ఆవిడ గడ్డకట్టే చలిలో డాక్టరు దగ్గరికెళ్ళి, ఏమీ లేదనిపించుకుని తిరిగొచ్చింది. కాలేయం వారంలో బోగ్దాన్ కళ్ళు పచ్చబడ్డాయంది. అవి దీపం వెలుగుకు అలా కనపడ్డాయి. అప్పట్నుంచీ ఆమె స్టెతస్కోపు తీస్తే చాలు, ఎవరి పని వాళ్ళకి గుర్తొస్తుంది.

ఒక్క గీదో తప్ప. గీదో అంటే వాళ్ళ ఉక్రేనియన్ మాటల్లో తాత. వాసిల్ ఆయన పేరు, ఒరీసియా తండ్రి. బతుకంతా బ్రెడ్డు వ్యాను తోలాడు. తెల్లారకముందే లేచి, ఊరు లేచేసరికి రొట్టె పంచి, ఊరు అన్నం తినేవేళకు నిద్రపోయినవాడు. పెద్ద చెవులు, వంగిన వీపు, వ్యాను తలుపు లాగిలాగి బొటనవేలి దగ్గర గట్టిపడిన చర్మం. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే కుర్చీలో కూర్చుని చొక్కా విప్పేవాడు, నేర్చుకోమని.

చీజ్ అయ్యాక హాల్యా ఎవరికీ చెప్పకుండా కోట్ల గదిలోకి జారుకుంది. గీదో అక్కడ స్టూలు మీద కూర్చుని, అతిథుల కోట్లకు తగిలించే చీటీల మీద నీలం పెన్నుతో అంకెలు వేస్తున్నాడు.

"రా తల్లీ. ఇవాళ ఆదివారం కాదు. అయినా దుకాణం తెరుస్తాలే," అని గుండీలు విప్పాడు.

ఆమె స్టెతస్కోపు పెట్టింది. అలవాటు ప్రకారం ఏమీ వినిపించదనుకుంటూనే పెట్టింది. రొమ్ముటెముకకు కుడి పక్కన, పైన, రెండు చప్పుళ్ళ మధ్య ఏదో గరగరలాడింది. చెక్క మీద రంపం లాగినట్టు.

"గీదో, కదలకు."

"ఎక్కడికి పోతానే."

"ముందుకు వంగు. ఊపిరి వదిలెయ్. ఇంక పీల్చకు."

మళ్ళీ గర్‌మంది. మెడ మీద పెట్టి చూసింది. అక్కడా ఉంది. పుస్తకం ఎక్కడ ఉంటుందందో అక్కడే ఉంది. ఇన్నాళ్ళ తర్వాత తన చెవులు పనిచేశాయి. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"బోగ్దాన్, ఇటు రా. త్వరగా."

బోగ్దాన్ వచ్చి విన్నాడు, ఏదో ఉన్నట్టే ఉందన్నాడు. వెనకాలే ఒరీసియా, చేతిలో దోసకాయల సీసాతో.

"ఈ వారం ఏ జబ్బు?"

"గుండెలో కవాటం ఇరుకైంది ఆంటీ. ఈసారి నిజం."

"నా మెడ వాచిందన్నప్పుడూ నిజమే అన్నావు."

బోగ్దాన్, ఒరీసియా పగలబడి నవ్వారు. హాల్యా కూడా నవ్వింది, ఆ సంతోషంలో ఎవరేమన్నా నవ్వే వచ్చేలా ఉంది. తర్వాత పరీక్షలో అడిగే వరసలోనే అడిగింది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా గీదో?"

"ఎవరికి రాదు?"

"రొమ్ములో నొప్పి?"

"ఉంటుందిలే, మంచు ఎత్తినప్పుడు."

"ఎప్పుడైనా కళ్ళు తిరిగాయా?"

"మొన్న గరాజులో కూలబడ్డా. మీ అత్తకు చెప్పకు, ఇక్కడే ఉంది."

మూడింటికీ అవుననే. పుస్తకం కూడా ఈ మూడే అడగమంది. అన్నీ సరిపోయినందుకు ఆమెకు పట్టరానంత ఆనందం.

"మంచిదే దొరికిందా?" అన్నాడు గీదో గుండీలు పెట్టుకుంటూ.

"చాలా మంచిది. సోమవారం నా పరీక్ష అయిపోగానే నేనే నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా."

"ముందు నీ పరీక్ష కానియ్యి."

"సాయంత్రం ఇంకోసారి వింటాను, ఏమీ అనుకోకు."

"వినవే. ఇదేమన్నా అరిగిపోతుందా?"

ఆ మధ్యాహ్నం ఆమెకు చలికాలమంతటిలోకీ మంచి మధ్యాహ్నం. రొట్టె సన్నగా కోసింది. ఒరీసియా వంక పెట్టలేక సలామీ చూసి రమ్మంది. బోగ్దాన్ స్పీకర్లు సరిచూస్తూ పాట పెడితే, ఖాళీ బల్లల మధ్య ఇద్దరూ ఓ చుట్టు ఆడారు. అతను ఆమె కాలు తొక్కాడు. పరీక్ష గురించి ఆమె ఆ పాట ఉన్నంతసేపూ ఆలోచించలేదు.

జనం రాకముందే నాలుగు మెతుకులు తినిపించాలని తాతను పిలవడానికి వెళ్ళాడు బోగ్దాన్. తిరిగొచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"హాల్యా, గీదో లేవట్లేదు."

గీదో స్టూలు మీంచి ఒరిగి, హేంగర్ల కడ్డీకి తల ఆనించి ఉన్నాడు. అంకెలు వేసిన చీటీలు ఒళ్ళో ఉన్నాయి. చెయ్యి చల్లగా ఉంది. ఇద్దరూ ఆయన్ని నేల మీద పడుకోబెట్టారు. అతను ఫోను చేస్తుంటే ఆమె చొక్కా మీంచే రొమ్ము నొక్కుతూ పోయింది, అంబులెన్సు వాళ్ళు వచ్చి పక్కకు జరిపేదాకా. వాళ్ళూ చొక్కా విప్పి చేయాల్సింది చేశారు. ఇక ఆపుదామన్నట్టు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

ఒరీసియా తండ్రి పక్కన కూలబడింది. ఏప్రనుకు దోసకాయ నీళ్ళ వాసన.

"నువ్వు చెప్పావు. నేను నవ్వాను."

"నేనూ నవ్వాను ఆంటీ," అంది హాల్యా.

ఎవరి మీదా రానంత కోపం ఆమెకు వచ్చింది, తన మీదే. ఆయాసమన్నాడు, నొప్పన్నాడు, పడిపోయానన్నాడు. ఒక్కో అవుననే మాటకూ తను మార్కు వచ్చినట్టు మురిసింది. వారం వారం లేని జబ్బులకు ఇల్లంతా హడలగొట్టి, ఉన్నదాన్ని సోమవారానికి వాయిదా వేసింది.

బయట ముందే వచ్చిన వాళ్ళెవరో బూట్ల మంచు దులుపుకుంటున్నారు. వాళ్ళను ఆపడానికి బోగ్దాన్ వెళ్ళాడు. హాల్యా గీదో చొక్కా అంచులు దగ్గరికి లాగబోయి ఆగింది. రొమ్ముటెముకకు కుడి పక్కన, పైన, సాయంత్రం ఆమె వెతుక్కోనక్కర్లేకుండా, నెరిసిన వెంట్రుకలు పక్కకు తోసి నీలం పెన్నుతో ఆయన గీసుకున్న గుండ్రం ఉంది, వంకరటింకరగా, కొస ఇంకా కలవకుండా.