పొర మీద పసుపు

రెండు వేల ఇరవై నాలుగు, నవంబరు పదహారు, శనివారం, కార్తీక పౌర్ణమి మర్నాడు. కర్మన్‌ఘాట్ హనుమంతుని గుడి ముందు, వాహన పూజలు జరిగే చోటు. అక్కడ ఉన్నవారు: కొత్త కారు కొనుక్కున్న తిరుపతి, అతని భార్య అమల, అతని అక్క యాదలక్ష్మి, బావ మట్టయ్య, పూజారి, వీరుగాక తమ వంతు కోసం బండ్లతో వరుసలో నిలబడిన కొన్ని కుటుంబాలు. ఇలా పేరుపేరునా చెప్పుకోవడానికి కారణం ఉంది. ఆ తరువాత తిరుపతి ఆ ఉదయాన్ని తలుచుకున్నప్పుడల్లా ముందుగా మనసులోకి వచ్చేది ఎవరెవరు చూశారన్నదే. తాను ఏం చేశాడన్నది దాని వెనక వచ్చేది. ఈ వరుస కూడా అతనికి సిగ్గు కలిగించిన వాటిలో ఒకటి.

తిరుపతి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు రాజ్యాంగం బోధిస్తాడు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి డిగ్రీ చదువుకు వచ్చినప్పుడు అతన్ని ఇంట్లో పెట్టుకుని సాకింది అక్కే. ఆమె అప్పట్లో కొత్తపేట పండ్ల మార్కెట్టులో బత్తాయిలు ఏరే పని చేసేది. సైకిలు కొన్నా, ఆ తరువాత స్కూటర్ కొన్నా, వాటికి మొదటి బొట్టు ఆమే పెట్టింది. వాళ్లింట్లో ఏ కొత్త వస్తువుకైనా మొదటి బొట్టు ఆడబిడ్డదే. అది ఎవరూ అడిగేది కాదు, ఎవరూ చెప్పేది కాదు.

కారు కొన్నదే అక్క కూతురు తేజస్విని నిశ్చితార్థం దగ్గరపడుతోందని. వేడుక అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో. పిల్లను అక్కడికి మేనమామ తన బండిలో తీసుకుపోవాలని అక్క కోరిక. విజయవాడ రోడ్డు మీద కంకర టిప్పర్లు ఎక్కువ. ముందు పోయే టిప్పర్ చక్రం కింది రాయి ఎగిరి తగిలితే కొత్త రంగు పెచ్చులు లేస్తుంది. అందుకని తిరుపతి ఎల్బీనగర్‌లో శ్రీకర్ దుకాణంలో కారుకు పీపీఎఫ్ వేయించాడు. అంటే రంగు మీద అతికించే పారదర్శకమైన పొర. రాళ్లూ గీతలూ అది కాచుకుంటుంది.

శ్రీకర్ గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. పని జరిగినంతసేపూ తిరుపతి కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. బండిని కడిగి, కంటికి కనబడని గరుకును కూడా జిగురుమట్టితో రుద్ది తీసి, సబ్బునీళ్లు చిలకరించి, ఆ తడి మీద పొరను తేలేసి, రబ్బరు పలకతో మధ్య నుంచి అంచులకు నీళ్లను నెట్టుకుంటూ పోవడం చూశాడు. అంచులను వేడిగాలి చూపి లోపలికి మడిచేటప్పుడు ఊపిరి బిగబట్టాడు కూడా.

"ఇంక బెంగపడకండి సార్," అన్నాడు శ్రీకర్. "రాయి పడినా, మరక పడినా, ఏదైనా అయితే ఫిల్మ్‌కే అవుద్ది, మీ పెయింట్‌కి ఏమీ కాదు. పాడైన ముక్క పీకేసి కొత్తది వేసుకోవచ్చు. కాకపోతే ఒక్క మాట. పూజ చేయిస్తారు కదా, పసుపు మాత్రం పెట్టనివ్వకండి. తెల్లకారు కదా, పచ్చగా పట్టేసుద్ది, పోదు. దానికి వారంటీ రాదు. ఇదిగో కాగితం, ఇక్కడ సంతకం పెట్టేయండి."

"చదివి పెడతానండీ," అన్నాడు తిరుపతి. చదవకుండా సంతకం పెట్టకూడదని క్లాసులో చెప్పేవాడు మరి.

"అయితే పూజ అయ్యాక, పై శనివారం అంచులు చూపించుకోడానికి వస్తారు కదా, అప్పుడు తెండి."

ఆ రాత్రే కాగితం అక్షరం పొల్లుపోకుండా చదివాడు. పూజారిని ముందే పక్కకు పిలిచి, బానెట్ మీద పసుపు కుంకుమలు వద్దని, నంబరు ప్లేటుకు గంధం చాలని చెప్పుకున్నాడు. అక్కకు మాత్రం చెప్పలేదు. చెప్పాలని తోచకపోవడం కాదు. ఎలా చెప్పాలో తేలక, ఆమె ఖాళీ చేతులతో వస్తే బాగుండునని ఆశపడి ఊరుకున్నాడు.

ఆమె ఖాళీ చేతులతో రాలేదు. పూజారి కొబ్బరికాయ కొట్టి పక్కకు తప్పుకోగానే కొంగు చాటు నుంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. ఇంట్లో కలిపి తెచ్చిన పసుపు. ఉంగరపు వేలు ముంచి, ముసిముసిగా నవ్వుకుంటూ, బానెట్ మీదికి వంగింది.

"ముట్టకు!" అన్నాడు తిరుపతి. "చెయ్యి తియ్యి!"

అని ఊరుకోలేదు. ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. డబ్బా జారి, పసుపు ఆమె చీర కుచ్చిళ్ల మీద, మిగిలింది నేల మీద పడింది. కారు మీద ఒక్క చుక్క పడలేదు. తన చూపు ముందుగా అక్కడికే పోయిందని అతనికి వెంటనే తెలిసింది. ఆమె అది చూసిందని కూడా తెలిసింది.

ఊళ్లో కిరాణా కొట్టు గడప దగ్గర వాళ్ల అమ్మ చెయ్యి చాపితే కొట్టాయన అనే మాట ఆ "ముట్టకు". అమ్మ పైసలు నేల మీద పెట్టేది, ఆయన సామాను నేల మీద పెట్టేవాడు. అక్క అమ్మ కొంగు పట్టుకుని ఒక పక్క, తిరుపతి ఇంకో పక్క నిలబడేవారు. ఇన్నేళ్లుగా అంటరానితనం రద్దయిందని పదిహేడవ అధికరణం చెప్పి పిల్లలకు మార్కులు తెప్పిస్తున్నవాడి నోట ఆ మాట, అదే గొంతుతో, తడుముకోకుండా వచ్చింది.

వరుసలో ఎవరో దగ్గారు. మట్టయ్య పెద్దగా నవ్వాడు. "ఏంది బామ్మర్దీ, కొత్త పెండ్లికొడుకు లెక్క గింత సిగ్గుపడ్తుంది నీ కారు!"

ఎవరూ నవ్వలేదు. యాదలక్ష్మి డబ్బా ఏరుకుని మూత పెట్టింది. "నాకేం తెల్సు తమ్మీ," అంది మెల్లగా. "తెల్వక చేసిన."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనక సీటు అంచున, వీపు ఆనించకుండా, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సాగర్ రోడ్డు వెనక సందులో అక్క ఇంటి ముందు కారు ఆగింది. మట్టయ్య దిగిపోయాడు. ఆమె దిగలేదు.

"దిగు వదినె," అంది అమల.

"డోర్ నువ్వే తియ్యి తమ్మీ. నేను తీస్తే యాడన్న కరాబ్ అయితదేమో."

ఎత్తిపొడుపు అయితే తిరుపతి ఓర్చుకునేవాడు. ఆమె నిజంగానే భయపడింది.

సోమవారం మట్టయ్య ఫోన్ చేశాడు. "పిల్లను తీస్కపోనీకె వేరే కారు మాట్లాడిన. నువ్వు నీ దాంట్ల నిమ్మళంగ రా. పరేషాన్ గాకు."

"అదేంది బావా, మేనమామ తీస్కపోవాలె గద?"

"పిల్లకు గోరింటాకు పెడ్తరు, చేతుల నిండ పసుపు ఉంటది. నీ సీట్లకేమన్న అయితే మల్ల మీ అక్క ఏడుస్తది. గంతే."

బుధవారం సాయంత్రం క్లాసు మానుకుని తిరుపతి అక్క ఇంటికి బయలుదేరుతుంటే అమల గుమ్మం దగ్గర ఆపింది. "కారణాలు చెప్పకు. తప్పయిందని చెప్పు, ఆపెయ్."

అతను కారణాలే చెప్పాడు. దారి పొడుగునా కూర్చుకున్నవి. ఆ పొర ఎలాంటి ప్లాస్టిక్కో, పసుపులోని రంగు దాని లోపలికి ఎట్లా దిగుతుందో, తెలుపు మీద ఎట్లా కనబడుతుందో, ఒకటొకటిగా, తొణక్కుండా వివరించాడు. యాదలక్ష్మి బియ్యం ఏరుతూ ప్రతి మాటకూ తల ఊపింది. "మంచిగనే చెప్తున్నవ్ తమ్మీ," అంది చివరికి. అది మెప్పే. అందుకే తగలవలసిన చోట తగిలింది.

మంచం మీది నుంచి మట్టయ్య లేచి కూర్చున్నాడు. "ఆగు సారూ, పాఠం బాగుంది గని నాదొక డౌటు. మరక అంటేది రేకుకా, పైనున్న ప్లాస్టిక్‌కా?"

"ప్లాస్టిక్‌కే."

"అది తీసేస్తే?"

"కింద రంగు మామూలుగానే ఉంటది."

"మరి?"

ఆ "మరి"కి జవాబు తిరుపతికి ముందే తెలుసు. శ్రీకర్ చెప్పాడు, కాగితంలో చదివాడు, అమలకు తానే వినిపించాడు. దెబ్బ తినడానికే వేయించిన పొర అది. దానికి దెబ్బ తగులుతుందని అక్క చెయ్యి పట్టి లాగాడు. ఇంత తేలిక మాట ఆ రోజు గుడి ముందు తనకు తెలియకపోలేదు, తెలిసే చేశాడు. తెలియక చేశానని అక్క అన్నప్పుడు కూడా, తప్పు తనదని చెప్పకుండా ఆమె మీదే వదిలేశాడు.

"తప్పయింది అక్కా," అన్నాడు. అన్నీ చెప్పి అయిపోయాక, మిగిలిపోయిన మాటలా వచ్చింది. "పసుపు తీస్కరా. కారు బయటనే ఉంది. నువ్వు పెట్టు."

ఆమె చేట కింద పెట్టింది. "వద్దు తమ్మీ. గీ చెయ్యి మల్ల ఆడికి పోదు."

"అయితే పిల్లను నా కార్ల ఎక్కించవా?"

ఆమె లేచి వంటింట్లోకి పోయి అదే స్టీలు డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టుకో. నేను చూస్త."

వీధి దీపం కింద కారు తెల్లగా మెరుస్తోంది. తిరుపతి అరచేతిలో పసుపు వేసుకుని, సందులోని కుళాయి నీళ్లు కలిపి, బానెట్ మీద స్వస్తిక్ గీయబోయాడు. జన్మలో ఎన్నడూ గీసినవాడు కాడు. ఒక గీత పొడుగైంది, ఒకటి వంకర పోయింది. నీళ్లు ఎక్కువై ఒక చార కిందికి కారింది. పక్కింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు చూస్తున్నారు. ఈసారి వాళ్లు ఎవరో తెలుసుకోవాలని అతనికి అనిపించలేదు.

"గిన్ని నీళ్లు కలుపుతరా ఎవలన్న?" అంది యాదలక్ష్మి. కొంగు కొస చేతికి చుట్టుకుని, వంగి, అంచు దాకా జారిన చారను తుడిచింది. కొంగుతోనే. వేలు తగలనివ్వలేదు.

మట్టయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. "టిప్పర్ డ్రైవర్ నయం బామ్మర్దీ. నిమ్మకాయన్న సక్కగ కడ్తడు."

"మాట్లాడిన కారు వద్దని చెప్పు," అంది ఆమె భర్తతో. తరువాత తమ్ముడి వైపు చూడకుండా, "ఐతారం పొద్దుగాల్లనే రావాలె. పిల్ల తయారై ఉంటది," అంది.

"నువ్వు గూడ మా దాంట్లనే గదా అక్కా?"

"చూద్దాం తియ్యి. చుట్టాలు శానమంది ఉంటరు. ఎట్ల వీలైతె అట్ల ఒస్త."

శనివారం తిరుపతి దుకాణం ముందు కారు దిగగానే, బానెట్ చూసి శ్రీకర్ ముఖం మాడిపోయింది. తడిగుడ్డ తెచ్చి రుద్దాడు, ఏదో ద్రావణం వేసి రుద్దాడు. పైపై పసుపు పోయింది. లేతపచ్చని వంకర గీతలు, కిందికి కారిన చార, పొర లోపల అట్లాగే నిలిచాయి.

"అయ్యో సార్, అంత చెప్పానే! ఎవరండీ పెట్టింది?"

"నేనే."

"మీరా?" శ్రీకర్ నమ్మలేదు. పొర వేసిన రోజున కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి గుర్తుకు వచ్చి ఉంటుంది. "పోనీ బానెట్ వరకు పీకేసి కొత్త ముక్క వేసేద్దాం. రేపు ఫంక్షన్ ఏదో ఉందన్నారు కదా, సాయంత్రానికల్లా ఇచ్చేస్తాను."

తిరుపతి ఆ గీతలకేసి చూశాడు. చక్కగా గీసినవి కావు. అక్క చేతి గీతలు కావు. అవి అక్కవి అయి ఉంటే, దాచుకోవడానికి ఉంచుకునేవాడు. ఇవి తనవి, తన తప్పుకు గుర్తుగా ఉండవలసినవి.

"వద్దండి. ఉండనివ్వండి."

"అయితే ఆ కాగితం మీద సంతకం చేయండి సార్. మరకలకు మా బాధ్యత లేదని ఉంది చూడండి, ఆ పక్కన కూడా."

జేబులోంచి రెండు ప్రతుల కాగితం తీశాడు. మళ్లీ చదవలేదు. కారు ముందు భాగం మీద పరుచుకుని, పచ్చని చార పక్కన, చూపించిన రెండు చోట్లా సంతకం చేశాడు. శ్రీకర్ ఒక ప్రతి చింపి తీసుకుని, రెండోది అతనికి ఇచ్చాడు. తిరుపతి దాన్ని నాలుగు మడతలు పెట్టి, డ్యాష్‌బోర్డు కింది అరలో, ఇన్సూరెన్సు కాగితాల అడుగున పెట్టి, మూత వేశాడు.