పులిపురుగు వెంట మా బావ

మా లావోవాళ్ల కొత్త సంవత్సరం. మెకాంగ్ నది మధ్య ఇసుకతిన్నె మీద ఊరూరివాళ్లూ పుణ్యం కోసం ఇసుక స్తూపాలు కడుతున్నారు. మా ఊరి ఆడవాళ్లం బకెట్లతో తడి ఇసుక మోస్తుంటే, మా బావ ఖంఫన్ గొడుగు నీడలో వెల్లకిలా పడుకున్నాడు. పొద్దున్నే నడుం పట్టేసిందట.

ఉన్నట్టుండి "అమ్మో!" అంటూ లేచి బొటనవేలు పట్టుకున్నాడు. ఎదురుగా ఇసుకలో పులిపురుగు. సన్నటి పొడుగు కాళ్లు, రాగిరంగు వీపు, దాని మీద తెల్ల మచ్చలు.

"పురుగు కరిస్తే ఇంత కేకా?" అంది మా అక్క సెంగ్‌దావ్.

"దీన్ని పట్టి తెచ్చి నీ చేతిలో పెట్టకపోతే అప్పుడడుగు!"

"నీకు పట్టేది నిద్రొక్కటే కదయ్యా."

బావ దూకాడు. పురుగు సర్రున పరిగెత్తి ఆగింది. మళ్లీ దూకాడు. అది ఎగిరి కాస్త అవతల వాలి, అతని వైపే తిరిగి నిలబడింది.

"చూశారా, వెక్కిరిస్తోంది!" అని అరిచాడు.

మేం బకెట్లు దించేసి చూస్తూ కూర్చున్నాం. నడుం మాటే మరిచి, పంట్లాం పైకి మడిచి, తిన్నె ఆ చివరిదాకా ఉరికాడు. అక్కడ పురుగు పక్కూరివాళ్ల స్తూపం మీద వాలింది. బావకి పురుగు కనిపించింది గానీ స్తూపం కనిపించలేదు. బోర్లా పడ్డాడు. పురుగు ఎగిరిపోయింది, స్తూపం చదునైపోయింది.

పక్కూరి ముసలావిడ బువా వచ్చి అతని చెవి పట్టుకుంది. "మా ఊరి పుణ్యమంతా నీ పొట్ట కింద ఉంది. లే నాయనా, మళ్లీ కట్టు!"

కట్టాడు. నీళ్లు మోశాడు, ఇసుక తట్టి తట్టి గట్టిపరిచాడు. పక్కూరివాళ్లు మధ్యమధ్యలో జిగురన్నం, కాల్చిన చేప నోటికందించి "ఎంత పనిమంతుడివయ్యా!" అంటుంటే ఉబ్బిపోయి, స్తూపాన్ని మునుపటికంటే ఎత్తుకి లేపాడు. చుట్టూ రంగుల జెండాలు కూడా గుచ్చాడు.

సాయంత్రం బౌద్ధ భిక్షువు వచ్చి స్తూపాలన్నీ చూస్తూ బావ కట్టినదాని ముందే ఆగిపోయాడు. "ఇదెవరు కట్టారు? ఎంత చక్కగా ఉంది!"

పక్కూరివాళ్లు మా బావని ముందుకి తోశారు. తమాషా చూస్తూ కూర్చున్న పాపానికి మాది ఇంకా మోకాలెత్తు కూడా లేవలేదు.

తిరుగు పడవలో అక్క అతని వైపు చూడలేదు. బావే మెల్లగా కదిపాడు. "వచ్చే ఏడు మన స్తూపం నేనే కడతాలే, సెంగ్‌దావ్."

"వచ్చే ఏటి సంగతి అలా ఉంచు. వానలు రాకముందే మన వంటింటి గోడ కట్టాలి. రేపు పొద్దున మొదలెట్టు."

పడవలో అందరూ గొల్లున నవ్వారు. బావ మళ్లీ నడుం పట్టుకున్నాడు.