కళ్లు చూసి చెప్పిన వాసన

యిన్ షౌతియెన్ పనిచేసే ఫ్యాక్టరీలో ఫార్మాలిన్ నీళ్లను గాలి తీసేసిన తొట్లలో మరిగించి, చిక్కబడ్డాక ఆరబెట్టి, తెల్లటి పొడి చేస్తారు. చూడ్డానికి మైదాపిండిలా అమాయకంగా ఉంటుంది. వేడి తగిలిందా, మళ్లీ గ్యాసై కళ్లలో పొడుస్తుంది. ఆ పొడితోనే జిగురు, జిగురుతో ప్లైవుడ్డు, ప్లైవుడ్డుతో చైనాలోని ఆ లిన్‌యీ ఊళ్లో ప్రతి కొత్తింటి బీరువా.

అందుకే అక్కడ కొత్త ఇంటిని నెలల తరబడి కిటికీలు తెరిచి ఆరనిస్తారు. దిగేముందు యిన్‌ను పిలిచి వాసన చూడమంటారు. ఓ సిగరెట్టు, ఓ గ్లాసు టీ ఇస్తే చాలు, ఆయన మాటకు తిరుగులేదు.

నిజానికి ఆయనకు ముక్కు మీద కోపమే తప్ప ముక్కులో ఏమీ మిగల్లేదు. ఆ పొడి మధ్య ఏళ్లు గడిపాక వాసన తెలియడమే పోయింది. చెబితే పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఇంటివాళ్ల కళ్లు చూసేవాడు. చెమర్చితే "ఇంకా ఆరాలి", లేకపోతే "దిగండి". దొంగ విద్యే అయినా పదిమందిలో నెగ్గుకొచ్చింది.

కొడుకు ఫ్లాటుకూ అలాగే వెళ్లాడు. నిండు గర్భిణి అయిన కోడలు మియావ్ చిన్ బీరువా తలుపులు బార్లా తెరిచింది.

"బాగా పీల్చి చెప్పండి మామయ్యా. రోజంతా ప్లైవుడ్డు అతికే జిగురు ప్రెస్సు దగ్గరే కదా నా చాకిరీ, ఆ ఘాటు నా ముక్కుకీ కళ్లకీ ఆనదు."

ఆ మాట చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. కోడలి కళ్లు పొడిగానే ఉన్నాయి.

"బ్రహ్మాండంగా ఉంది. దిగండి," అన్నాడు.

చలికాలంలో పాప పుట్టింది. బాలింతకు గాలి తగలకూడదని కిటికీలన్నీ బిగించి, హీటరు వేశారు. పాపకు దగ్గు పట్టుకుంది. జలుబన్నారంతా.

పాప పుట్టిన శుభానికి ఎర్రరంగు వేసిన గుడ్ల బుట్టతో చూడవచ్చిన యిన్ పాప కళ్లు చూశాడు. ధారగా కారుతున్నాయి. బుట్ట పడేసి కిటికీ తోశాడు.

"మామయ్యా! నెల నిండని బాలింత గదిలో కిటికీ తీస్తారా? మతి పోయిందా?"

"పాపను బయటికి తీసుకుపో తల్లీ. గది నిండా గ్యాసే."

"ఇప్పుడొచ్చిందా వాసన?"

"రాలేదమ్మా. నాకు వాసన పోయి ఏళ్లయింది. పరువు కోసం దాచాను."

కోడలు పాపను దుప్పట్లో చుట్టుకుంది. ఒక్కసారి ఎత్తుకుంటానని ఆయన చేతులు చాచాడు.

"పాప ఒంటి వాసన ఎలా ఉంటుందో తెలుసా మీకు?"

ఆయనకు తెలియదు.

"మరి మా ఇల్లు బాగుందని ఏ నోటితో చెప్పారు?"

పాపను అటు తిప్పుకుని ఆసుపత్రికని మెట్లు దిగింది. కింది అంతస్తు దాకా ఆ దగ్గు ఆయనకు వినిపిస్తూనే ఉంది.